ముంచిన దోనె

సలోమి ఇంట్లో చీకట్లో ఏ మూల చెయ్యి పెట్టినా అగ్గిపెట్టె తగులుతుంది. దూలం సందులో ఒకటి. మూత బిగించిన సీసాలో ఒకటి. బియ్యం డబ్బా అడుగున ఒకటి. ప్రతి పెట్టెకూ మైనం పూసి ఉంటుంది.

ఆమెది కొల్లేటి మధ్య ఒక లంక. చుట్టూ నీళ్లు, నడుమ మట్టిదిబ్బ, దిబ్బ మీద ఇళ్లు, చివర చిన్న చర్చి. ఆమె కోడలుగా వచ్చిన కొత్తలో పెద్ద వాన పట్టింది. ఇల్లు నిలిచింది. అగ్గిపెట్టె తడిసింది. పొయ్యి వెలిగించి నీళ్లు కాచే దారి లేక చంటిపిల్లకు కొల్లేటి నీళ్లే పట్టింది. పిల్లకు వాంతులు, విరేచనాలు. పాతిపెట్టడానికి పొడినేల దొరకలేదు. చర్చి అరుగు పలుగుతో పగలగొట్టి అందులో పెట్టారు. పలుగు దిగిన ప్రతిసారీ అరుగు అదిరింది. సలోమి ఏడవలేదు. ఆడవాళ్లు ఆమె పిడికిలి విప్పి చూస్తే తడి అగ్గిపుల్లలు విరిగి అరచేతి మాంసంలో దిగి ఉన్నాయి.

అప్పటి నుంచి ఇల్లు సర్దుకుంటూ వచ్చింది. ఒక్కసారిగా కాదు. ఒక నెల గట్టి మూతున్న డబ్బా కొంది. ఇంకో నెల అందులో అటుకులు పోసింది. అటక మీద బియ్యం, బెల్లం, ఉప్పు, చింతపండు, ఎండుచేపలు. పాతవి దించి వండేది, కొత్తవి ఎక్కించేది. తాటిమట్టలు కట్టలు కట్టి చూరులో దోపేది. చంకలో పెట్టుకుపోగలిగే మట్టిపొయ్యి తనే చేసుకుంది. బురదనీళ్లు తేరడానికి చిల్లగింజలు, పటిక. బీర, ఆనప, గోంగూర విత్తనాలు బూడిదలో కలిపి మూటలో. రేషన్ కార్డు ప్లాస్టిక్ కవర్లో వేసి, అంచు కొవ్వొత్తి మంట మీద కాల్చి అతికించింది. ఉతికి ఇస్త్రీ చేసిన పాతచీర ముక్కలు ఇంకో కవర్లో పెట్టింది. ఏలూరు ఆసుపత్రిలో ఆయాగా పనిచేసిన మేనత్త సిల్వియా నేర్పిన పని అది.

మొగుడు నిత్యానందానికి ఇవేవీ గిట్టేవి కావు. ఇల్లా, గోదామా అనేవాడు. ఒకసారి సారా కోసం అటక మీది బియ్యం అమ్మబోయాడు. సలోమి నిచ్చెన పట్టుకుంది. అతను నిచ్చెన మీంచే ఆమె మొహం మీద తన్నాడు. ఆమె నిచ్చెన లాగేసింది. అతని మోచెయ్యి విరిగింది. ఆమె పన్ను ఊడింది. చీర ముక్కలు మొదట పనికొచ్చింది అప్పుడే. అతని చేతికి కట్టు కట్టి, బియ్యం మళ్లీ పైకెక్కించి, ఆ తర్వాత నోరు కడుక్కుంది.

కొన్నేళ్లకు అతను కాలేయం చెడి మంచాన పడ్డాడు.

"అన్నీ దాచావు. నాకోసం ఏమీ దాచలేదే" అన్నాడు పోయేముందు.

"మీకూ కలిపే దాచానండీ" అంది సలోమి.

ఆమె తండ్రి దోనెలు చెక్కేవాడు. తాటిమొద్దును నిలువునా చీల్చి, లోపలి మెత్తటి గుజ్జు తొలిచేస్తే దోనె. పెళ్లిలో కూతురికి ఒక దోనె ఇచ్చాడు. దాంతోపాటు రెండు మాటలు ఇచ్చాడు. పనిలేనప్పుడు దోనెను ఎండకు వదలకు, రాళ్లు నింపి నీళ్లలో ముంచి ఉంచు; ఎండితే పగులుద్ది. తడిసిన గట్టు మీద దోనెను లాగకు, మోయించు. దోనె గీసిన గాడి నీళ్లకు దారి.

ఆ దోనె పాతబడితే ఇంకొకటి, అది పాతబడితే మరొకటి చేయించింది. లంకలో మిగతా వాళ్లంతా రేకు పడవలకూ ఫైబర్ పడవలకూ మారిపోయారు. వాటిని ఒడ్డున వరసగా కట్టేసేవారు. సలోమి దోనె మాత్రం ఇంటి వెనక గుంటలో నీళ్ల అడుగున ఉండేది. దాని మోకు ఇంటి రాటకు కట్టి ఉండేది. ఏటా తొలకరికి ముందు పైకి తీయించి, పగుళ్లకు గుగ్గిలం పూసి, మళ్లీ ముంచేది. గుంట గట్టు మీద నలుగురు మగాళ్లు దాన్ని భుజాల మీద మోయాల్సిందే.

పక్కింటి కాంతం అరుగు మీంచి చూసి నవ్వేది.

"శవాన్ని మోయించినట్టు మోయిస్తావేంటే? పాస్టరు గార్ని కూడా పిలవమంటావా?"

"పిలువు. ఆయన భుజం ఒకటి కలిసొస్తది."

కొడుకు నెల్సన్‌కు తాడేపల్లిగూడెం పిల్లను చేసుకుంది. పేరు మెర్సీ. కాపురానికి వచ్చిన వారంలోనే అత్తగారు కోడలి కళ్లకు గుడ్డ కట్టి, నిచ్చెనెక్కి అటక మీద అగ్గిపెట్టె వెతికి తెమ్మంది.

"అత్తయ్యగారూ, మా గూడెంలో కిరాణా కొట్లో కూడా ఇన్ని డబ్బాలుండవండీ."

"మీ గూడెంలో వీధి చివర కొట్టుంటది. ఇక్కడ వీధి చివర నీళ్లుంటాయి. ఎక్కు."

మెర్సీ ఎక్కింది. జారి పడి గడ్డం చీరుకుంది. కవర్లోంచి చీర ముక్క తీసి నొక్కిపెట్టి, రక్తం ఆగాక అత్తగారు మళ్లీ ఎక్కమంది. ఆ మచ్చ ఇప్పటికీ ఉంది.

ఆ ఏడు భాద్రపదంలో బుడమేరు పొంగి కొల్లేటి మీద పడింది. లంకలో నీళ్లు మొదట వాకిళ్లలోకి, తర్వాత గడపల్లోకి వచ్చాయి. కరెంటు పోయింది. ఫోన్లో సిగ్నలు పోయింది.

లంకకూ, నీళ్లను సముద్రానికి తీసుకుపోయే ఉప్పుటేరుకూ మధ్య ఒక చేపల చెరువు ఉంది. సరస్సు కడుపులోనే గట్టు పోసి తవ్విన చెరువు. ఉండి ఊరి నుంచి వచ్చిన అబ్బాయిరాజు దాన్ని నడుపుతున్నాడు. నీళ్లు దిగాలంటే ఆ గట్టు తెగాలి. గట్టు తెగితే పట్టుబడికి వచ్చిన చేపంతా పోతుంది.

సాయంత్రం చర్చిలో మోకాటి లోతు నీళ్లలో మగాళ్లు నిలబడి మాట్లాడుకున్నారు. సలోమి మరిది శ్యామ్ సుందర్ ముందున్నాడు.

"రేపు పొద్దున్నే వెళ్దాం. పారలు, గునపాలు పడవల్లో వేసుకోండి. గండి కొట్టేద్దాం."

ఆ మాట రాత్రికే గట్టు దాకా పోయింది.

తెల్లారేసరికి ఇంజను పడవలు వచ్చాయి. దిగినవాళ్ల చేతుల్లో గొడ్డళ్లు, మేకులు కొట్టిన కర్రలు. వాళ్లు ఇళ్ల వైపు చూడలేదు. కట్టేసి ఉన్న పడవల దగ్గరికి నేరుగా పోయారు. మొదటి దెబ్బ కాంతం రేకు పడవ మీద పడింది. రేకు చిరిగిన చప్పుడుకు లంకంతా లేచింది.

పడవ లేనివాడు గట్టు దాకా రాలేడు. అందుకే పడవల్ని కొట్టారు. ఫైబరు పగిలింది, రేకు చీలింది, తెడ్లు విరిగాయి. అడ్డం వెళ్లిన ముసలాయన్ని జుట్టు పట్టి నీళ్లలో ముంచి, ఊపిరాడక కాళ్లు కొట్టుకునేదాకా ఉంచి వదిలారు. శ్యామ్ సుందర్ మూతి మీద మేకుల కర్ర పడింది.

నెల్సన్ తన పడవ ముందు రెండు చేతులూ చాపి నిలబడ్డాడు.

"కొట్టకండి. మా బతుకండీ ఇది" అన్నాడు.

గొడ్డలి అతని తొడలో దిగింది. దిగి ఇరుక్కుంది. కొట్టినవాడు నెల్సన్ పొట్ట మీద కాలు ఆనించి దాన్ని లాక్కున్నాడు. తర్వాత పడవను కొట్టాడు.

ఇంజన్లు వెళ్లిపోయాయి. తేలుతున్న గుర్రపుడెక్క ఆకుల మీద నెల్సన్ రక్తం నిలిచి ఉంది.

సలోమి కొడుకును బల్ల మీద పడుకోబెట్టింది. కాంతం పరుగున వచ్చింది.

"కాఫీ పొడి వెయ్యవే, ఆగిపోద్ది!"

"ఏమీ వెయ్యకూడదు. నొక్కాలి."

కవరు చింపింది. ఇస్త్రీ గుడ్డలు గాయంలో కూరి రెండు చేతులతో నొక్కింది. ఎవరూ చెప్పకుండానే మెర్సీ అటకెక్కి మట్టిపొయ్యి వెలిగించి నీళ్లు కాచింది. గుడ్డ తడిసింది. దాని మీద ఇంకో గుడ్డ. దాని మీద గట్టిగా కట్టు. రక్తం తగ్గింది కానీ ఆగలేదు. నెల్సన్ పెదాలు తెల్లబడ్డాయి. ఆకివీడు ఆసుపత్రికి చేరాలి. చేరడానికి లంకలో పడవ లేదు.

సలోమి ఇంటి వెనక్కి వెళ్లింది. గుంట ఎక్కడుందో తెలియకుండా నీళ్లు పరుచుకున్నాయి. రాటకున్న మోకు పట్టుకుని దాని వెంట మునిగింది. చేతికి దోనె తగిలింది. ఒక రాయి తీసి పక్కన పడేసి, పైకి తేలి, ఊపిరి తీసుకుని మళ్లీ మునిగింది. రాళ్లన్నీ అయ్యేసరికి ఆమె వేళ్ల గోళ్లు లేచిపోయాయి. దోనె నల్లగా, నీళ్లతో నిండి పైకి లేచింది. తప్పేలాతో నీళ్లు తోడిపోసింది.

మొహమంతా రక్తంతో శ్యామ్ సుందర్ వచ్చాడు. వెనక నలుగురు. ఒకడి చేతిలో పార.

"వదినా, దేవుడు చూశాడు. దోనె ఇలా ఇవ్వండి. చుట్టూ తిరిగి వెళ్లి ఏదోచోట గండి కొట్టొస్తాం."

"ముందు నెల్సన్ వెళ్లాలి. తిరిగొచ్చాక మీరు తీసుకోండి."

"తిరిగొచ్చేసరికి కప్పులు మునుగుతాయి. వాటి మీద చంటిపిల్లలున్నారు. ఒక్కడి కోసం చూస్తారా, ఊరి కోసం చూస్తారా?"

"ఊళ్లో అందరికీ చెప్పాను ఇరవయ్యేళ్లుగా. దోనె ముంచి పెట్టుకోండని."

"ఇప్పుడు దెప్పుళ్లా?" అని అతను దోనె అంచు పట్టుకున్నాడు.

సలోమి దోనె నడిపే గెడ ఎత్తి అతని మణికట్టు మీద కొట్టింది. ఎముక చిట్లిన చప్పుడు అందరికీ వినపడింది. అతను నీళ్లలో కూలబడి వదిన పుట్టుకనూ, ఆమె తండ్రినీ, దోనెనూ తిట్టాడు. వెనకవాళ్లు ముందుకు రాలేదు. గెడ మళ్లీ లేచే ఉంది.

"మరిది చెయ్యి విరగ్గొట్టావు. మీ ఆయన చెయ్యి ముందే అయ్యింది. ఇంకెవరైనా ఉన్నారా ఆ ఇంట్లో?" అంది కాంతం. ఆమే వచ్చి నెల్సన్ కాళ్లు పట్టుకుని దోనెలోకి ఎత్తింది.

సలోమి నోరు తెరవబోతే మెర్సీ అందుకుంది.

"అటుకులు ఎడంపక్క. నీళ్లు కాచి పటిక వేస్తాను. కప్పుల మీది పిల్లల్ని కిందికి దిగనివ్వను. చినమావయ్యగారికి కట్టు కడతాను. వెళ్లండి అత్తయ్యగారూ."

సలోమి చేపల కత్తి నడుముకు దోపుకుని గెడ వేసింది.

గట్టు మీద మనుషులు వరసగా నిలబడ్డారు. నీళ్లు గట్టు అంచుకు బెత్తెడు తక్కువలో ఉన్నాయి. దోనె కనపడగానే రాళ్లు వచ్చాయి. ఒకటి ఆమె భుజానికి, ఒకటి చెవి పైన తగిలింది. ఆమె గెడ ఆపలేదు. వంగి కొడుకు మీద పడుకున్నట్టుగా దోనెను గట్టుకు ఆనించింది.

తెల్లచొక్కాలో అబ్బాయిరాజు ముందుకొచ్చాడు. అతని గొంతు ఎప్పుడూ లేవదు.

"ఏమ్మా సలోమీ. పార ఎక్కడ దాచారు?"

"పార లేదండీ. మా అబ్బాయండీ. చూడండి."

అతను వంగి చూశాడు. నెల్సన్ కళ్లు సగం మూసి ఉన్నాయి.

"అయ్యో. పడవలనే కొట్టమన్నానమ్మా నేను."

"కాలవలో మీ ఇంజను పడవుంది. ఆకివీడు పంపించండి బాబూ. రక్తం పోతా ఉందండీ."

అతను గట్టు చివరి కాలువ వైపు చూశాడు. తర్వాత దోనె వైపు చూశాడు.

"పంపిస్తాను. ఈ దోనె మాత్రం ఇక్కడ వదిలెయ్యాలి. ఇది లంకకు తిరిగెళ్తే రాత్రికి నా గట్టుండదు."

లంకలో మిగిలింది ఆ దోనె ఒక్కటే. సలోమి వెనక్కి తిరిగి చూడలేదు.

"తీసుకోండి" అంది.

చేపలకు మేత వేసే చరణ్‌తేజ అనే కుర్రవాడు ముందుగా నీళ్లలోకి దూకి నెల్సన్ చంకల కింద చేతులు వేశాడు. పొద్దున లంకకు వచ్చినవాళ్లలో అతను లేడు.

"తల వాల్చకండి అన్నా. నా భుజం మీద పెట్టండి."

ముగ్గురు కలిసి గట్టు పొడవునా మోసుకెళ్లి ఇంజను పడవలో పడుకోబెట్టారు. చరణ్‌తేజ మెడలోని తువ్వాలు తీసి మడిచి నెల్సన్ తల కింద పెట్టాడు. పడవ నడిపే నాగేశ్వరరావు అతని అన్న.

"జాగ్రత్తగా పోనీ అన్నా" అని చెప్పి చరణ్‌తేజ గట్టు మీదికి తిరిగెళ్లాడు.

అక్కడ దోనె మీద గొడ్డలి పడుతోంది. నీళ్లలో తేలే చెక్క మీద దెబ్బ నిలవదు. ముదురు తాటిచెక్క. గొడ్డలి జారి ఒకడి కాలి దగ్గర పడింది.

"ఇలా కాదురా. పైకి లాగండి" అన్నాడు ఒకడు.

సలోమి పడవలో ఒక కాలు, గట్టు మీద ఒక కాలు పెట్టి ఆగింది. ఆ మాట విన్నది. నలుగురు దోనె ముక్కు పట్టి తడిసిన గట్టు మీదికి ఈడుస్తున్నారు. లాగకండి, మోయండి అనాలి. అంటే అబ్బాయిరాజు ఆగమంటాడు, ఎందుకంటాడు, పడవ ఆగుతుంది. ఆమె రెండో కాలు కూడా పడవలో పెట్టింది.

"పోనివ్వండి" అంది.

కాలువలో కొంత దూరం వెళ్లాక వెనక నుంచి అరుపు వినపడింది. దోనె గీసిన గాడిలో నీళ్లు పాకాయి. మొదట వేలంత. దాన్ని కాలితో తొక్కి మూయబోయారు. మూసినకొద్దీ మట్టి జారింది. గట్టు మూలుగుతున్నట్టు చప్పుడు చేసి రెండుగా విడిపోయింది. దోనె, గొడ్డళ్లు, మనుషులు కలిసి చెరువులోకి పోయారు.

నాగేశ్వరరావు ఇంజను తగ్గించాడు.

"మా తమ్ముడండీ. అక్కడున్నాడండీ."

పడవ తిప్పబోయాడు. అతని వీపుకు కత్తి మొన తగిలింది.

"ఆకివీడు" అంది సలోమి.

"అమ్మా, వాడికి ఈత సరిగా రాదమ్మా. మీ అబ్బాయిని వాడేనమ్మా మోసింది."

"ఆకివీడు."

అతను తిప్పాడు. కత్తి చొక్కాను దాటి చర్మంలోకి దిగింది. అతను ఏడుస్తూ పడవను మళ్లీ ముందుకు తిప్పాడు. దారంతా ఏడుస్తూనే ఉన్నాడు. దారంతా కత్తి అక్కడే ఉంది. ఆమె రెండో చెయ్యి కొడుకు తొడ మీది కట్టును నొక్కుతోంది.

నెల్సన్ బతికాడు. ఆకివీడు నుంచి ఏలూరు పంపారు. కాలు ఉంది, మోకాలు వంగదు.

చెరువు నిండి అవతలి గట్టు కూడా తెగడంతో లంకలో నీళ్లు మర్నాటికే దిగాయి. ఊరంతా సలోమి దోనెతో గట్టు కోసిందనే అనుకుంది. శ్యామ్ సుందర్ కట్టు కట్టిన చేత్తో వచ్చి, "గట్టు కోయడానికని చెప్పి ఉంటే దోనెకు అడ్డం వచ్చేవాణ్ణి కాదు కదా వదినా" అన్నాడు. కరెంటు స్తంభం పట్టుకుని వేలాడుతున్న అబ్బాయిరాజును ఎవరో దించి ఒడ్డుకు చేర్చారు. చరణ్‌తేజ ఉప్పుటేట్లో దొరికాడు, చాలా కిందకి.

చలికాలంలో ఒక పగటిపూట నాగేశ్వరరావు లంకకు వచ్చాడు. వాకిట్లో నిలబడి చేపల కత్తి అరుగు మీద పెట్టాడు.

"పడవలో ఉండిపోయిందండీ."

సలోమి చెంబుతో నీళ్లు తెచ్చింది. అతను తీసుకోలేదు.

"ఒకటి అడుగుతానండీ. దోనె లాగితే గాడి పడుద్దని, గట్టు పోద్దని మీకు ముందే తెలుసా?"

మెర్సీ గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"తెలుసు" అంది సలోమి.

అతను ఆమె చెంప మీద కొట్టాడు. చెంబు ఎగిరి వాకిట్లో పడింది. నెల్సన్ కర్ర అందుకుని లేవబోయాడు.

"కూర్చోరా" అంది తల్లి.

నాగేశ్వరరావు మళ్లీ కొట్టాడు. ఈసారి పిడికిలితో. ఆమె గోడకు ఆనుకుని నిలబడింది. మూడోసారి లేచిన చెయ్యి గాల్లోనే ఆగి, అతని మొహాన్నే కప్పింది.

సలోమి పెదవి తుడుచుకుని లోపలికి వెళ్లింది. చీర ముక్కలున్న కవరు తెచ్చింది. అందులోంచి ఆ రోజు నెల్సన్ తల కింద పెట్టిన తువ్వాలు తీసింది. ఉతికి, ఇస్త్రీ చేసి, మడత పెట్టి ఉంది. రక్తపు మరక పూర్తిగా పోలేదు. అరుగు మీద కత్తి పక్కన పెట్టింది.

నాగేశ్వరరావు దాన్ని చూశాడు. ముట్టుకోలేదు. రేవు వైపు నడిచి వెళ్లిపోయాడు.

ఆ వేసవిలో ఆమె వడ్రంగిని పిలిపించింది. రెండు తాటిమొద్దులు తొలిచి, పక్కపక్కన బిగించి, నడుమ వెదురు తడిక పరవమంది. వడ్రంగి కొలత విని తల గోక్కున్నాడు.

"ఇదేంటమ్మా, పదిమంది పడతారు. మీ ఇంట్లో ఉన్నదెంతమందండీ?"

"ఎంతమందుంటారో ఆ రోజుకి తెలుస్తది. చెయ్యి."

జంట దోనె తయారయ్యాక గుంట దాకా ఎనిమిదిమంది మోశారు. మెర్సీ ఒక కొస పట్టింది. చివర్లో ఒకడు చెయ్యి నొప్పెట్టి కిందకి దించి ఈడవబోతే సలోమి గెడ ఎత్తింది. అతను మళ్లీ భుజానికెత్తుకున్నాడు.

నీళ్లలోకి దించి, ఆమె ఒక్కొక్క రాయీ వేసింది. అది మెల్లగా మునిగింది. మోకు రాటకు కట్టి, ముడి రెండుసార్లు లాగి చూసి, లోపలికెళ్లి అన్నం వండింది.